ఫోన్‌కు ఎంత దూరం జరగాలి? గ్రేస్కేల్ మొదలు కీప్యాడ్ ఫోన్ దాకా, ఎవరికి ఏది పనికొస్తుంది

తెరల గోల తగ్గించుకోవాలని నేను మొదట చేసిన పని కీప్యాడ్ ఫోన్ కొనడం. స్మార్ట్‌ఫోన్‌ను బీరువాలో పెట్టి తాళం వేశాను. పందొమ్మిది రోజులు బాగానే గడిచాయి. ఇరవయ్యో రోజు ఆఫీసు లాగిన్‌కు కోడ్ కావలసి వచ్చి బీరువా తెరిచాను. ఆ రాత్రి పన్నెండున్నర దాకా ఫోన్ నా చేతిలోనే ఉంది.

తర్వాత నిదానంగా కూర్చుని లెక్క చూసుకుంటే అసలు సంగతి తెలిసింది. పగలు నా వాడకంలో పెద్ద తప్పేమీ లేదు. దారి చూసుకోవడం, కాల్స్, పని మెసేజ్‌లు, అంతే. నా కాలమంతా కరిగిపోతున్నది రాత్రి పది నుంచి పన్నెండు దాకా, పక్క మీద. ఏ ఇబ్బందీ లేని పగటి మీద నేను ఆంక్ష పెట్టుకున్నాను. జబ్బు ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాశానన్నమాట. చివరికి నాకు పనిచేసింది చాలా చిన్న మార్పు: ఛార్జర్‌ను పడకగదిలోంచి తీసేసి, మామూలు అలారం గడియారం తెచ్చుకోవడం.

అదే చిట్కా మా అక్కకు చెప్పాను. ఆమెకు రవ్వంత కూడా ఉపయోగపడలేదు. ఆమె రాత్రి తొమ్మిది దాటితే ఫోన్ ముట్టదు. పగలు మాత్రం ప్రతి నాలుగు నిమిషాలకోసారి తీసి చూస్తుంది. ఆమెకు కావలసింది వేరే.

ఈ రెండు అనుభవాల మధ్య నాకు అర్థమైందేమిటంటే, ఎంత కఠినమైన పద్ధతి ఎంచుకున్నామన్నది అంత ముఖ్యం కాదు, మన కాలం ఏ దారిన పోతోందో ఆ దారికే అడ్డం పెట్టామా లేదా అన్నది ముఖ్యం. కింద చెప్పే పోలికలన్నీ ఆ లెక్కలోనే చూశాను.

ముందు, ఏ దారిన పోతోంది?

ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్, ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటాయి. రెండూ 2018లో వచ్చినవే. చాలామంది వాటిలో రోజు మొత్తం ఎన్ని గంటలో చూసి, గుండె గుభేలుమని, వెంటనే మూసేస్తారు. ఆ మొత్తంతో నిజానికి పెద్ద ప్రయోజనం లేదు. దూరాన ఉన్న అమ్మతో నలభై నిమిషాల వీడియో కాల్, నలభై నిమిషాల రీల్స్, ఆ లెక్కలో రెండూ ఒకటే. చూడవలసినవి వేరే ఉన్నాయి. రోజుకు ఎన్నిసార్లు ఫోన్ తెరిచారు, ఏ గంటలో గీత పొడవుగా ఉంది, ఏ యాప్ మీకు ఎక్కువ నోటిఫికేషన్లు పంపింది. ఐఫోన్ అయితే ఫోన్ తీయగానే మొదట ఏ యాప్‌లోకి వెళ్ళారో కూడా చెబుతుంది. ఒక వారం ఏదీ మార్చకుండా ఊరికే గమనించండి. ఈ వారం ఓపిక పట్టినవాళ్ళు తర్వాత చాలా డబ్బూ శ్రమా మిగుల్చుకుంటారు.

ఆ వారంలో మూడు రకాల్లో ఏదో ఒకటి బయటపడుతుంది.

మొదటిది, చెయ్యి దానంతటదే వెళ్ళడం. లిఫ్ట్ కోసం నిలబడ్డా, ఎదుటి మనిషి ఒక్క క్షణం ఆగినా, చేస్తున్న పని కాస్త కష్టంగా అనిపించినా ఫోన్ చేతిలోకి వచ్చేస్తుంది. ఎవరూ పిలవలేదు, పనీ లేదు. తెరిచిన సంఖ్య వందల్లో ఉండి, ఒక్కోసారి గడిపిన సమయం మాత్రం చిన్నదిగా ఉంటే మీది ఇదే. మా అక్కది ఇదే. అర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గ్లోరియా మార్క్ ఏళ్ళ తరబడి మనుషులు కంప్యూటర్ ముందు ఎలా పనిచేస్తారో కొలిచారు. 2004 ప్రాంతంలో తెర మీద ఒక విషయంపై చూపు సగటున రెండున్నర నిమిషాలు నిలిచేది. ఈమధ్య కొలతల్లో అది 47 సెకన్లకు పడిపోయింది. చేతికి పట్టిన అలవాటు ఫోన్‌ దగ్గరే ఆగదు, చదువులోకీ పనిలోకీ పాకుతుంది.

రెండోది, పిలిస్తే వెళ్ళడం. మోగింది కాబట్టి చూశారు, చూశారు కాబట్టి ఇంకేదో చూశారు.

మూడోది, వెళ్ళి తిరిగి రాలేకపోవడం. రోజులో తెరిచింది తక్కువసార్లే కావచ్చు. తెరిస్తే మాత్రం గంట. దీనికి మీ బలహీనత ఒక్కటే కారణం అనుకోకండి. పేజీకి అడుగు లేకుండా, కిందికి లాగేకొద్దీ కొత్తవి వస్తూనే ఉండే ఇన్ఫినిట్ స్క్రోల్‌ను 2006లో రూపొందించిన ఆజా రాస్కిన్, అది మనుషుల కాలాన్ని ఎంతగా మింగుతోందో చూసి తర్వాత బహిరంగంగానే పశ్చాత్తాపపడ్డారు. పుస్తకంలో అధ్యాయం ముగిస్తే చెయ్యి ఆగుతుంది. ఇక్కడ ఆగే చోటే లేదు. లేనిచోట మనమే ఒకటి కట్టుకోవాలి.

పిలిస్తే వెళ్ళేవాళ్ళకు: పూర్తిగా ఆపాలా, మూటకట్టాలా?

నోటిఫికేషన్లు అన్నీ ఆపేయమని సలహా ఇచ్చేవాళ్ళే ఎక్కువ. నేనూ ఒకప్పుడు అదే చెప్పేదాన్ని. 2019లో వెలువడిన ఒక ప్రయోగం చూశాక మనసు మార్చుకున్నాను. అందులో కొందరికి నోటిఫికేషన్లు ఎప్పటిలా వచ్చాయి, కొందరికి రోజుకు మూడుసార్లు మూటగా వచ్చాయి, కొందరికి అసలే రాలేదు. ఎక్కువ లాభపడింది మూడుసార్లు అందుకున్నవాళ్ళు. పని మీద ధ్యాస నిలిచింది, మనసు తేలికపడింది, ఫోన్ తమ అదుపులో ఉందనిపించింది. అసలే రానివాళ్ళకు ఆ లాభాలు పెద్దగా దక్కలేదు సరికదా, ఏదో తప్పిపోతున్నామన్న బెంగ పెరిగింది.

ఎందుకో నాకు అనుభవంలో తెలుసు. మోగకపోతే మోగలేదేమిటా అని తీసి చూస్తాం. పిలిస్తే వెళ్ళే రకం కాస్తా చెయ్యి దానంతటదే వెళ్ళే రకం అయిపోతుంది. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి అన్నీ కలిపి వస్తాయని తెలిస్తే మనసు కుదుటపడుతుంది. ఐఫోన్‌లో ఇందుకు షెడ్యూల్డ్ సమ్మరీ ఉంది. అది లేని ఫోన్లలో నిర్ణీత వేళలకు డు నాట్ డిస్టర్బ్ పెట్టుకుంటే దాదాపు అదే ఫలితం.

అయితే మనుషుల పిలుపులు వేరు, యంత్రాల పిలుపులు వేరు. ఎవరో ఫొటోకు లైక్ కొట్టారనీ, ఏదో ఆఫర్ ఈ రాత్రితో అయిపోతుందనీ చెప్పే నోటిఫికేషన్లను మూటకట్టాల్సిన పని కూడా లేదు, శాశ్వతంగా ఆపేయండి. ఇంట్లోవాళ్ళ కాల్స్ మాత్రం రానివ్వండి. అర్ధరాత్రి ఏదైనా జరిగితే ఎలా అని భయపడి చాలామంది డు నాట్ డిస్టర్బ్ జోలికి పోరు. ముఖ్యమైనవాళ్ళను అందులో మినహాయించవచ్చు. పైగా ఒకే నంబరు నుంచి వెంటవెంటనే రెండోసారి కాల్ వస్తే మోగేలా పెట్టుకునే వీలు ఉంది. ఐఫోన్‌లో ఆ గడువు మూడు నిమిషాలు, ఆండ్రాయిడ్‌లో పదిహేను నిమిషాలు. ఈ సంగతి మీ ఇంట్లోవాళ్ళకు చెప్పి ఉంచండి: అత్యవసరమైతే రెండుసార్లు చేయండి అని.

చెయ్యి దానంతటదే వెళ్ళేవాళ్ళకు: రంగు తీసేయడమా, తలుపు దగ్గర ఆపడమా?

గ్రేస్కేల్ అంటే తెరను నలుపు తెలుపులోకి మార్చడం. పైసా ఖర్చు లేదు, సెట్టింగ్స్‌లో ఒక నిమిషం పని. ఐఫోన్‌లో యాక్సెసిబిలిటీలో కలర్ ఫిల్టర్స్ కింద ఉంటుంది, ఆండ్రాయిడ్‌లో బెడ్‌టైమ్ మోడ్‌లోనో కలర్ కరెక్షన్‌లోనో దొరుకుతుంది. కాలేజీ విద్యార్థుల మీద జరిగి 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో ఇలా చేసినవాళ్ళ వాడకం రోజుకు సుమారు 38 నిమిషాలు తగ్గింది. ఇంత చిన్న మార్పుకు అది మంచి ఫలితమే.

కానీ ఇది అందరికీ కాదు. ఫొటోలూ చిన్న వీడియోలూ చూసేవాళ్ళకు రంగు పోతే రుచి పోతుంది. అక్షరాలు చదివే వ్యసనం ఉన్నవాళ్ళకు, అంటే వార్తలూ వాదనలూ చదువుతూ కూర్చునేవాళ్ళకు, అది ఏ మూలకూ రాదు. నల్ల అక్షరాలు ఎలాగూ నల్లగానే ఉంటాయి కదా. పైగా మ్యాప్ చూడాలన్నా, ఫొటో తీయాలన్నా రంగు కావాలి, ఒకసారి తిరిగి పెట్టాక మళ్ళీ తీయడం మర్చిపోతాం. సైడ్ బటన్‌ను మూడుసార్లు నొక్కితే మారేలా షార్ట్‌కట్ పెట్టుకుంటే ఆ చిరాకు పోతుంది, కానీ ఆ షార్ట్‌కటే రెండువైపులా తెరుచుకునే తలుపు.

మా అక్కకు పనిచేసింది ఇంకొకటి. యాప్ తెరవబోతే కొన్ని సెకన్లు ఆపి, ఒకసారి ఊపిరి పీల్చుకోమని చెప్పి, నిజంగా తెరవాలా అని అడిగే యాప్‌లు ఉన్నాయి. వాటిలో వన్ సెక్ అనేదాని మీద జరిగిన పరిశోధన 2023లో వెలువడింది. అలా ఆపి అడిగినప్పుడు 36 శాతం సార్లు జనం వెనక్కి తగ్గారు. అంతకన్నా ముఖ్యమైనది, ఆరో వారానికి వచ్చేసరికి అసలు తెరవాలని ప్రయత్నించడమే మొదటి వారంతో పోలిస్తే 37 శాతం తగ్గింది. మనసు నిర్ణయించకముందే చెయ్యి వెళ్ళిపోయేవాళ్ళకు ఇది సరిగ్గా సరిపోయే మందు. ఎందుకంటే ఇది నిషేధం కాదు. చెయ్యికీ మనసుకూ మధ్య తెగిన మాటను మళ్ళీ కలుపుతుంది. రెండింటిలో ఒకటే ఎంచుకోమంటే నేను గ్రేస్కేల్ కన్నా దీన్నే ఎంచుకుంటాను.

వెళ్ళి తిరిగి రాలేనివాళ్ళకు: గడువా, తాళమా, తొలగింపా?

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఎక్కువమంది బాధ ఇదే, ఎక్కువమంది తప్పు మందు ఎంచుకునేదీ ఇక్కడే.

అందరూ మొదట చేసేది యాప్‌కు రోజూ ముప్ఫై నిమిషాల గడువు పెట్టడం. గడువు అయిపోగానే తెర మూసుకుంటుంది, కింద చిన్న బటన్ కనిపిస్తుంది: ఇంకో నిమిషం, పదిహేను నిమిషాల తర్వాత గుర్తుచేయి, ఈ రోజుకు వదిలేయి. ఆండ్రాయిడ్‌లో యాప్ బొమ్మ బూడిదరంగుకు మారుతుంది, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి టైమర్ తీసేస్తే మళ్ళీ తెరుచుకుంటుంది. ఇది దొంగ చేతికే తాళం చెవులు ఇచ్చినట్టు. మునిగిపోయి ఉన్న మనిషిని, ఇక చాలా అని అడిగితే చాలు అంటాడా? ఆ క్షణంలో నిర్ణయం తీసుకునే శక్తి మనలో ఎంత తక్కువగా ఉంటుందో, సరిగ్గా అప్పుడే ఈ పద్ధతి మనల్ని నిర్ణయం అడుగుతుంది. మూడో రోజుకల్లా ఆ బటన్ నొక్కడం కూడా ఒక అలవాటైపోతుంది.

గడువుకు బలం రావాలంటే పాస్‌కోడ్ ఇంకొకరి చేతిలో ఉండాలి. నేను నా భర్తకు చెప్పి పెట్టించుకున్నాను. పనిచేసింది, కానీ ఆయన కాపలాదారు అయిపోయారు, నేను బతిమాలే మనిషినయ్యాను. రెండు వారాల్లో ఇద్దరికీ విసుగొచ్చింది. భార్యాభర్తల మధ్య ఈ ఏర్పాటు నేను సిఫారసు చేయను. ఎవరితోనైనా పెట్టించుకోవాలనుకుంటే, రోజూ ఎదురుపడని స్నేహితులైతే మేలు.

ఆ తర్వాతి మెట్టు వస్తువు రూపంలో ఉన్న తాళం. ఎన్‌ఎఫ్‌సీ చిప్ ఉన్న చిన్న బిళ్ళ ఒకటి ఉంటుంది, ఫోన్‌ను దానికి ఆనిస్తే ఎంచుకున్న యాప్‌లు మూసుకుపోతాయి, మళ్ళీ ఆ బిళ్ళకు ఆనిస్తేనే తెరుచుకుంటాయి. బిళ్ళను ఇంట్లో వదిలి బయటికి వెళితే రోజంతా ఫోన్ ఫోన్‌లాగే పనిచేస్తుంది, లాగేకొద్దీ కొత్తవి వచ్చే ఫీడ్‌లు ఉండవు. గడియారం పెట్టి మూసే పెట్టెలు కూడా ఉన్నాయి, సమయం అయ్యేదాకా తెరుచుకోవు. వీటి గొప్పతనం ఎక్కడుందంటే, నిర్ణయం ఒక్కసారే తీసుకుంటాం, అదీ మనసు స్థిమితంగా ఉన్నప్పుడు. పెట్టెలో మాత్రం కాల్స్ కూడా అందవని గుర్తుంచుకోండి. చిన్నపిల్లలూ పెద్దవాళ్ళూ మీ మీద ఆధారపడి ఉంటే పెట్టె కన్నా బిళ్ళే నయం.

వీటన్నిటికన్నా నేను ముందు పెట్టేది, డబ్బు ఖర్చు లేనిది, యాప్‌ను ఫోన్‌లోంచి తీసేసి కంప్యూటర్‌లోని బ్రౌజర్‌లో మాత్రమే చూడటం. ఖాతా ఉంటుంది, స్నేహితులు ఉంటారు, కావలసిన సమాచారం దొరుకుతుంది. కానీ కుర్చీలో కూర్చుని, కంప్యూటర్ తెరిచి, పాస్‌వర్డ్ కొట్టి చూడాలి. ఆ కాస్త శ్రమలోనే సగం కోరిక ఆవిరైపోతుంది. మిగతా సగం నిజమైన అవసరం, దాన్ని తీర్చుకోవడంలో తప్పేం లేదు.

ఖాతానే మూసేస్తే? 2018లో అమెరికా ఎన్నికలకు ముందు నాలుగు వారాలపాటు ఫేస్‌బుక్ ఖాతాలు నిలిపివేయించి, ఏమవుతుందో ఆర్థికవేత్తలు కొలిచారు. ఫలితాలు 2020లో వెలువడ్డాయి. రోజుకు సగటున గంట మిగిలింది. మనసుకు మంచే జరిగింది, కానీ ఆ మేలు చిన్నదే. వార్తల మీద అవగాహన మాత్రం తగ్గింది. గడువు తీరాక కూడా వాళ్ళు మునుపటంత వాడలేదు. ఇందులో నన్ను ఆకట్టుకున్నది చివరి మాట. నాలుగు వారాల విరామం, తిరిగి వచ్చాక కూడా కొంత మిగిలింది. కాబట్టి ముందు ఖాతాను తాత్కాలికంగా నిలిపివేయడం, అంటే డీయాక్టివేట్ చేయడం మంచిది. శాశ్వతంగా తొలగించేంత తొందర వద్దు. తొలగించాలనే నిశ్చయించుకుంటే ముందు మీ ఫొటోలూ సమాచారమూ డౌన్‌లోడ్ చేసుకోండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రెండూ మనసు మార్చుకోవడానికి 30 రోజులు ఇస్తాయి, ఆ రోజుల్లో లాగిన్ అయి రద్దు చేసుకోవచ్చు.

కీప్యాడ్ ఫోన్ కొనాలనుకుంటే

కొనొద్దని చెప్పను. కొందరికి అది నిజంగా జీవితాన్ని మార్చేసింది. కానీ కొనేముందు రెండు వారాలు చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది, అది నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. ఉన్న స్మార్ట్‌ఫోన్‌లోనే ఇంటర్నెట్ ఆపేయండి. మొబైల్ డేటా, వైఫై రెండూ. కాల్స్, ఎస్ఎంఎస్ ఉంటాయి. మెయిల్, బ్యాంకు, వార్తలు కంప్యూటర్‌లో చూసుకోండి. సరిగ్గా ఇదే పద్ధతిలో 467 మందితో చేసిన ప్రయోగం 2025లో వెలువడింది. రోజుకు 314 నిమిషాల ఫోన్ వాడకం 161 నిమిషాలకు దిగింది. ధ్యాస నిలిచే శక్తి మెరుగుపడింది, మనుషులను నేరుగా కలవడం, ఆరుబయట గడపడం పెరిగాయి. అదే ప్రయోగంలో ఇంకో నిజం కూడా ఉంది: రెండు వారాలూ కట్టుబాటు సరిగా నిలబెట్టుకున్నవాళ్ళు తక్కువే. ఇది తేలికైన పని కాదు. అందుకే కొత్త ఫోన్ మీద డబ్బు పెట్టకముందే మీకు ఎంతవరకు సాధ్యమో తెలుసుకోవడం మంచిది.

ఆ రెండు వారాల్లో ఎక్కడెక్కడ చిక్కుకున్నారో కాగితం మీద రాసుకోండి. ఆ చిట్టాయే మీకు ఏ ఫోన్ కావాలో చెబుతుంది. గ్రూపు చాట్‌లు లేకపోవడం వల్ల పిల్లల బడి సమాచారం తప్పిపోయిందా? దారి తెలియక ఇబ్బంది పడ్డారా? లాగిన్ కోడ్‌లు అడ్డం వచ్చాయా? కోడ్‌ల సంగతి నన్నే ఓడించింది కాబట్టి విడమరిచి చెబుతాను. ఎస్ఎంఎస్‌లో వచ్చే ఓటీపీలు కీప్యాడ్ ఫోన్‌కూ వస్తాయి. ఆథెంటికేటర్ యాప్‌లో కోడ్‌లు పుట్టడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు, అందువల్ల ఫీడ్‌లన్నీ తీసేసిన పాత స్మార్ట్‌ఫోన్‌ను సిమ్ లేకుండా సొరుగులో ఉంచుకుంటే సరిపోతుంది. నేను చేసిన తప్పు, యాప్‌లన్నీ అలాగే ఉన్న ఫోన్‌ను బీరువాలో పెట్టడం.

ఫోన్ ఎంచుకునేటప్పుడు 4జీ, వోల్టీ (4జీ మీదే కాల్స్ మాట్లాడే సదుపాయం) ఉన్నాయో లేదో తప్పకుండా చూడండి. చాలాచోట్ల పాత 2జీ, 3జీ నెట్‌వర్క్‌లు మూతపడ్డాయి, మూతపడుతున్నాయి. సొరుగులో దొరికిన పాత ఫోన్‌లో సిమ్ వేసి మోగడం లేదని బాధపడి లాభం లేదు. కాయ్‌ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న కీప్యాడ్ ఫోన్ తీసుకుంటే వాట్సాప్ కూడా ఉంటుందని ఇంకా కొందరు చెబుతుంటారు. 2024 నుంచి అందులో వాట్సాప్ కొత్తగా డౌన్‌లోడ్ చేసుకోవడం కుదరదు, ఆ భరోసాతో కొనకండి.

ఈ పనికోసమే తయారైన ఫోన్లూ ఉన్నాయి. వాటిలో లైట్ ఫోన్ కథ ఆసక్తికరం. 2017లో జనం చేతికి వచ్చిన తొలి ఫోన్ కాల్స్ కోసమే. 2019 నాటి రెండోదానికి కాగితంలా కనిపించే ఇ-ఇంక్ తెర, మెసేజ్‌లు వచ్చాయి. 2025లో వచ్చిన మూడోదానికి కెమెరా వచ్చింది. మొత్తం వదిలేద్దామని మొదలుపెట్టినవాళ్ళు కూడా ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చుకున్నవి ఇవి: మాట, రాత, ఫొటో. ఫీడ్ మాత్రం మూడింటిలోనూ లేదు. మనకు నిజంగా కావలసిందేమిటో ఆ మూడు ఫోన్లు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ధర ఎక్కువ కాబట్టి, ఉన్న స్మార్ట్‌ఫోన్‌లో బ్రౌజర్, ఫీడ్ యాప్‌లు తీసేసి, కొత్త యాప్‌లు వేసుకునే వీలు కూడా ఆపేసి, ఆ మూడే ఉంచుకుని చూడమని నా సలహా. ఐఫోన్‌లో కంటెంట్ అండ్ ప్రైవసీ రిస్ట్రిక్షన్స్ ద్వారా యాప్‌ల ఇన్‌స్టాలేషన్‌ను ఆపవచ్చు.

రాత్రిపూట పోగొట్టుకునేవాళ్ళకు

నాలాంటివాళ్ళకు చెప్పేది చిన్నది. పడకగదిలో ఫోన్ లేకపోవడానికి సాటి వచ్చే యాప్ ఇప్పటిదాకా నేను చూడలేదు. మునుపు చెప్పిన మూడు రకాలూ ఆ గదిలో ఒకేసారి పనిచేస్తాయి, అలసిపోయిన మనిషి మీద. అలారం కోసం ఫోన్ కావాలన్న సాకు ఒక్కటి తీసేస్తే చాలు, గడియారం కొనండి.

తెర వెలుగుకు నైట్ మోడ్ పెట్టుకున్నాం కదా అనేవాళ్ళకు ఒక మాట. 2014లో వచ్చిన ఒక పరిశోధనలో పడుకునే ముందు టాబ్లెట్ మీద చదివినవాళ్ళకు, కాగితం పుస్తకం చదివిననాటి కన్నా నిద్ర పట్టడానికి దాదాపు పది నిమిషాలు ఎక్కువ పట్టింది, నిద్రకు తోడ్పడే మెలటోనిన్ అనే హార్మోన్ తగ్గింది. పన్నెండు మందితో చేసిన చిన్న పరిశోధన అది. వెలుగు వల్ల పోయింది పది నిమిషాలే అనుకుందాం. ఫీడ్ వల్ల నాకు పోయింది రెండు గంటలు. రంగు పసుపుగా మారితే ఆ రెండు గంటలు తిరిగి రావు.

రాత్రి చదువుకోవడానికి కాగితమా, ఇ-రీడరా అని అడిగితే, రెండూ మంచివే. కిండిల్‌ లాంటి ఇ-ఇంక్ రీడర్‌లో చదవడం తప్ప చేయడానికి దాదాపు ఏమీ ఉండదు, అదే దాని గుణం. టాబ్లెట్‌లో పుస్తకం యాప్ మాత్రం వద్దు, పక్క యాప్‌కు ఒక్క వేలి దూరమే.

వారానికి ఒక రోజా, పది రోజుల శిబిరమా?

ఫోన్ లేకుండా గడిపే శిబిరాలకు వెళ్ళి వచ్చినవాళ్ళ మొహంలో వెలుగు నేను చూశాను, అది నిజం. కానీ ఇంటికి వచ్చాక అదే పక్క, అదే ఛార్జర్, అవే యాప్‌లు. చోటు మారినందువల్ల వచ్చిన మార్పు చోటుతోనే పోతుంది. వారానికి ఒక పూట, ఎప్పుడూ అదే పూట, ఇంట్లోనే ఫోన్ లేకుండా గడపడం నా లెక్కలో ఎక్కువ పనిచేస్తుంది. మొదట నాలుగు గంటలు చాలు. ఆ సమయంలో దొరకనని ముందే నలుగురికీ చెప్పండి. చెప్పకపోతే మనసంతా ఎవరైనా వెతుకుతున్నారేమో అన్న చింతతోనే సరిపోతుంది. దుఃఖంలోనో తీవ్రమైన అలసటలోనో ఉండి ఊపిరి పీల్చుకోవడానికి చోటు కావాలంటే మాత్రం శిబిరానికి వెళ్ళండి, అది వేరే అవసరం.

మిగిలిన గంటను ఏం చేయాలి

ఏ పద్ధతి ఎంచుకున్నా తప్పనిది ఇది. ఫోన్ తీసేసిన మొదటి రాత్రి నాకు ఏం చేయాలో తోచలేదు. గోడవైపు చూస్తూ కూర్చున్నాను. నిజం చెప్పాలంటే భయం వేసింది, ఇన్నాళ్ళూ ఏ ఆలోచనల నుంచి తప్పించుకుంటున్నానో అవన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. ఆ రాత్రి ఎదురవుతుందని ముందే తెలిస్తే తట్టుకోవచ్చు, అందుకే చెబుతున్నాను. ఆ గంటకు ఏదో ఒకటి ముందే సిద్ధంగా, చేతికి అందే దూరంలో ఉండాలి. సగం కుట్టిన బట్టో, తెరిచి పెట్టిన పుస్తకమో, శ్రుతి చేసి ఉంచిన వాద్యమో, ఫోన్ చేసి మాట్లాడాల్సిన ఒక మనిషి పేరో. మాట్లాడటం కూడా ఫోన్‌తోనే కదా అంటారేమో. తోబుట్టువుతో అరగంట మాట్లాడటాన్ని నేను తెర లెక్కలో వేయను.

ఒంటరిగా ఉండేవాళ్ళకు, మంచాన పడ్డవాళ్ళకు, దూరదేశంలో ఉన్నవాళ్ళకు ఫోనే తోడు. వాళ్ళ చేతిలోంచి దాన్ని లాగేయడం మేలు కాదు. అక్కడ చేయదగింది ఫీడ్‌ల స్థానంలో మనుషుల గొంతులు పెట్టడం. అలాగే మీ కాలం తింటున్నది పై అధికారి రాత్రి మెసేజ్‌లైతే, ఏ యాప్ మార్చినా ఫలితం ఉండదు, మాట్లాడుకోవలసింది ఉద్యోగం ఇచ్చినవాళ్ళతో. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి పనివేళల తర్వాత అందుబాటులో లేకుండా ఉండే హక్కు చట్టంలోకి ఎక్కింది. చట్టం లేనిచోట కూడా, ఏ వేళ దాటాక జవాబు ఇవ్వరో రాతపూర్వకంగా చెప్పి చూడండి. చాలాసార్లు అవతలివాళ్ళు అభ్యంతరం చెప్పరు.

ఇంట్లో పిల్లలుంటే నియమం వాళ్ళకు పెట్టేముందు మీ ఛార్జర్ జరపండి. మా ఇంట్లో ఇప్పుడు ఫోన్లన్నీ రాత్రి తొమ్మిదిన్నరకు ముందుగదిలోని ఒకే ప్లగ్ బోర్డు దగ్గరికి చేరతాయి. మొదట నాది ఒక్కటే ఉండేది. మూడో వారంలో నా భర్త ఫోన్ వచ్చి చేరింది. పాప టాబ్లెట్‌ను ఎవరూ అడగలేదు, ఒక రాత్రి తనే తెచ్చి పక్కన పెట్టి, నా గడియారం లాంటిదే తనకూ ఒకటి కావాలంది.